ఎక్కువైన పద్దు

ఆ ఐదు వందలను చెంగయ్య అప్పుగా గుర్తుపెట్టుకున్నాడా, దానమనుకుని మరిచిపోయాడా? పదహారేళ్లుగా తిరుమలయ్యను తొలుస్తున్న అనుమానం ఇది.

అప్పట్లో కూతురు ధరణికి తులాభారం మొక్కు తీర్చడానికి చెంగయ్య కొండకు వెళ్లాడు. తోడుగా తిరుమలయ్యా వెళ్లాడు. క్యూలో ఎవడో చెంగయ్య పర్సు కొట్టేశాడు. మొక్కు ఆగిపోయేలా ఉంటే తిరుమలయ్యే ఐదు వందలు తీసి ఇచ్చాడు. నెల తిరక్కుండా చెంగయ్య డబ్బు తెచ్చిస్తే, "స్వామి కార్యానికి ఇచ్చిందప్పా. మళ్లా ఆ మాట ఎత్తినావంటే నేనూరుకోను" అన్నాడు.

మర్యాదకు ఒకసారి వద్దనడం, రెండోసారి పుచ్చుకోవడం లోకాచారం. చెంగయ్య రెండోసారి అడిగితే కదా! నోట్లు మడిచి జేబులో పెట్టుకుని చక్కా వెళ్లిపోయాడు.

ఇద్దరూ ఉండేది చిత్తూరులోనే. చెంగయ్యది బెల్లం మండీ. తిరుమలయ్య బ్యాంకు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. రోజూ సాయంత్రం మండీలో కలిసి కాఫీ తాగేవారు. ఆ మాట మాత్రం వాళ్ల మధ్యకు రాలేదు. ఐదు వందలు లేక తిరుమలయ్యకు గడవకపోలేదు. కానీ రోజూ పక్కన కూర్చునేవాడు బాకీ ఎగ్గొట్టేవాడా, కాదా అన్నది తేలకపోతే కాఫీ రుచిగా ఎలా ఉంటుంది?

2007లో మండీలోకి కంప్యూటరు వచ్చింది.

"సూడప్పా, ధరణి నేర్పించింది. ఇంటి జమాఖర్చులన్నీ ఇంక ఈ సైటులోనే" అన్నాడు చెంగయ్య. "పాలు, కరెంటు, బ్యాంకు, ఎవురికి ఎంత ఇయ్యాల, అన్నీ. యాడికి పోయినా తెరిచి సూసుకోవచ్చు."

"నువ్వు యాడున్నా తెరవగలిగితే, దొంగోడు గూడా యాడున్నా తెరుస్తాడు గదప్పా. బీరువాను తెచ్చి బజార్లో పెట్టినట్టుండాది."

"పాస్‌వర్డు ఉండాదిలే."

"ఏం పెట్టినావో, ఏమో!"

"మరిచిపోకుండా ఉండాల గదా. పొద్దున లేస్తానే నా నోట్లోకి ఏ మాటొస్తాదో, అదే పెట్టినా."

తిరుమలయ్య తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు. పొద్దున లేస్తూనే ఈ జిల్లాలో సగం మంది నోటికి వచ్చే మాట ఒక్కటే.

మరునాడు మధ్యాహ్నం ఆయన గంటకు ఇరవై రూపాయలిచ్చి నెట్ సెంటర్లో కూర్చుని ఆ సైటు తెరిచాడు. చెంగయ్య మెయిలు చిరునామా అతని విజిటింగ్ కార్డు మీదే ఉంది. పాస్‌వర్డు దగ్గర ఒకసారి లెంపలు వేసుకుని, ఒంటి వేలితో 'గోవిందా' అని కొట్టాడు.

బీరువా తెరుచుకుంది.

ఇవ్వాల్సిన బాకీల పట్టిక చూశాడు. పాలాయనకు నాలుగు వందలు. గోతాల వ్యాపారికి రెండు వేలు. చీటీ వాయిదా. ఆఖరికి ఇస్త్రీ ఆయనకు పదిహేను రూపాయలు కూడా ఉన్నాయి. తిరుమలయ్య పేరు మాత్రం లేదు.

'పాతవి ఇంకా ఎక్కించలేదేమో' అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. వారం ఆగి మళ్లీ చూశాడు. లేదు. మూడో వారం ఇస్త్రీ ఆయన బాకీ ఇరవై రెండుకు పెరిగింది గానీ, ఈయన పేరు రాలేదు.

ఇక తిరుమలయ్య ఆగలేకపోయాడు. ఆ పట్టిక అడుగున తనే ఒక పద్దు రాశాడు: తిరుమలయ్యకు, ఐదు వందలు, తులాభారం నాటిది.

ఇంటికి వచ్చాక భయం పట్టుకుంది. ముప్పై ఏళ్లు బ్యాంకులో ఒక్క అంకె కొట్టేసి రాయని మనిషి, ఇవాళ ఇంకొకరి లెక్కల్లో దొంగతనంగా దూరి దొంగ పద్దు రాశాడు. దీన్ని పత్రికలవాళ్లు సైబర్ నేరమని రాస్తున్నారు కూడా.

"ఏందిది, అన్నంలో చెయ్యి పెట్టి ఆడనే ధ్యానం జేస్తుండావు?" అంది భార్య మునెమ్మ.

తెల్లవారగానే ఫోను మోగింది.

"బిరీన మండీకి రాప్పా" అన్నాడు చెంగయ్య. "నా లెక్కల్లో దొంగ దూరినాడు!"

తిరుమలయ్య వెళ్లేసరికి చెంగయ్య దిగులుగా తన పాత లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు.

"ఏం... ఏం పోయిందప్పా?"

"పోయిండేది ఏం లేదు. ఒక పద్దు ఎక్కువైంది. సొమ్ము ఎత్తుకపోయే దొంగను సూసినాం గానీ, బాకీ రాసిపెట్టి పోయే దొంగను యాడైనా సూసినావా? పోలీసులకు సెప్తే, ఏ నెట్ సెంటర్లో కొట్టినారో గంటలో పట్టేస్తారంట. నువ్వు బ్యాంకులో చేసిండావు, అర్జీ నువ్వే రాయాల."

తిరుమలయ్య బెల్లం దిమ్మెల పక్కన కూలబడ్డాడు.

"అర్జీ వద్దప్పా. ఆ దొంగను నేనే." చెంగయ్య వైపు చూడలేకపోయాడు. "ఆ మాట ఎత్తద్దని నేనే అంటిని. నోరు తెరిచి ఎట్ల అడిగేది? నీకు మనసులో ఉండాదో లేదో సూద్దామని పోయినా. నా పేరు లేకపోయేసరికి మనసు ఉండబట్టలా."

చెంగయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని తిరుమలయ్య తలెత్తి చూశాడు. చెంగయ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"అప్పు సొమ్ముతో తీర్చిన మొక్కు, ఆ అప్పు తీరితే గానీ స్వామికి చేరదంట. నువ్వేమో ఇస్తే తీసుకోవు, అడగనూ అడగవు. పదహారేండ్లుగా ఈ ముల్లు నాకూ గుచ్చుకుంటానే ఉండాది" అంటూ వంద రూపాయల నోట్లు ఐదు తీసి స్నేహితుడి గుప్పిట్లో పెట్టి మూశాడు. "నా లెక్కలు ఈ పుస్తకం దాటి యానాడూ బయటికి పోలేదప్పా, ఆ సైటులో ఉండేదంతా నువ్వు దొంగతనంగా వచ్చి సూస్తావని, నీ పేరు వదిలిపెట్టి నేను కల్పించి రాసింది, దాంట్లో నిజమైన పద్దు నువ్వు రాసింది ఒక్కటే!"