గాలిలో ముద్ద

మధ్యాహ్నం కాగానే మా అమ్మాయి పైడిరత్నం చేతొడుగులు వేసుకుని నా మంచం పక్కన కుర్చీలో కూర్చుంటుంది. ఇక్కడ అది ముద్ద కలిపినట్టు వేళ్లు ఆడిస్తే, హైదరాబాదులో అయిదిళ్లలో మరచేతులు అలాగే కలిపి, పక్షవాతంతో మంచాన పడ్డ ముసలమ్మలకు తినిపిస్తాయి. ఆ పనికి మనుషులు దొరకడం లేదు. ఒక్క ఇంటికిచ్చే జీతం కూరగాయలకైనా చాలదు. అందుకే ఒకేసారి అయిదిళ్లు.

"నోరు కాలుతోందా మామ్మగారూ? ఉండండి, చల్లారనిస్తాను" అంటుంది వాళ్లతో. అంత మెత్తటి గొంతు దానికి ఉందని నాకిన్నాళ్లూ తెలియదు.

నాకూ పక్షవాతమే. కుడిచెయ్యి పడిపోయింది. నా కంచం మాత్రం పొద్దున వండిన అన్నంతో స్టూలు మీద పెట్టేసి, "తినెయ్యే అమ్మా, నాకు డూటీ టయిమైపోతంది" అంటుంది. చల్లారిన అన్నం ఎడంచేత్తో కెలుక్కుంటూ, మొహమైనా చూడని ఆ ముసలమ్మలను రోజూ తిట్టుకుంటాను.

ఇవాళ కంచం ముట్టలేదు. డేకుతూ మంచం అంచుకు వెళ్లి, దాని చెయ్యి పైకి లేచే చోట మొహం పెట్టి నోరు తెరిచాను. ఖాళీ వేళ్లు నా పెదవులకు తగిలి ఆగాయి.

"ఏటే అమ్మా ఇది? అక్కడ ఆళ్లు ఆకలితో ఉన్నారు."

"ఉండనీ."

అది చెయ్యి వెనక్కి తీసుకోలేదు. హైదరాబాదులో అయిదు ముద్దలు అయిదు నోళ్ల ముందు ఆగిపోయే ఉంటాయి.