పక్క సీటు గొణుగుడు

"సార్, ఈవిణ్ణి ఇంకెక్కడైనా కూర్చోబెట్టండి. ఒకటే గొణుగుడు!"

సంహిత గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. అమీర్‌పేటలో సెల్లారులో నడిచే ఆ జావా క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది.

పక్కనున్న మదీహా దుపట్టా సర్దుకుని లేచింది.

"సారీ. జర పైకి చదివిన్నేమో."

"మనసులో చదువుకోవచ్చుగా!"

కామరాజు సారు ఏదో చెప్పబోయారు. మదీహా వద్దన్నట్టు తలూపి, బయటికి నడిచింది.

సంహితది గోడవారగా చివరి సీటు. ఒకసారి ఇరుక్కుంటే క్లాసయ్యేదాకా కదలడానికి లేదు.

అంతకన్నా పెద్ద ఇరుకు బోర్డుతోనే. చిన్నప్పటినుంచీ అంతే. ఒక వరుస చూసి, తల దించి ఎత్తేసరికి ఆ వరుస ఎక్కడుందో దొరకదు. అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కేస్తాయి.

పంజాగుట్టలో కళ్ళ డాక్టరు చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడు. దాంతో అది బద్ధకమేనని నాన్న రామ్మోహనరావు తేల్చేశాడు.

"ఈ జావా కూడా రాకపోతే ఇక నావల్ల కాదమ్మా," అన్నాడు.

ఏమైందో గానీ ఈమధ్య నోట్సు కుదురుగా వస్తోంది. పట్టుదలగా కూర్చుంటే వస్తుందన్నమాట, అనుకుంది సంహిత. ఈ గొణుగుడొక్కటే అడ్డం.

మర్నాడు పక్క సీటు ఖాళీ. హాయిగా పెన్ను తీసింది.

మొదటి వరుస రాసింది. తలెత్తింది. రెండో వరుస కనిపించలేదు. బ్రాకెట్లు, చుక్కలు చీమల్లా కదిలాయి.

ఇటు గోడ. అటు ఆ ఖాళీ సీటు దాటితే బెంచీ నిండా మనుషులు. లేచిపోదామన్నా దారి లేదు.

సారు బోర్డు తుడిచేశారు. ఆమె పేజీలో ఒకే ఒక్క వరుస.

ఇన్నాళ్ళూ తను రాసుకున్నదంతా పక్కనుంచి వినబడినదే! ఒక్కో మాటా నింపాదిగా, తన పెన్ను ఆగినచోటల్లా ఆగుతూ...

క్లాసవగానే సారు దగ్గరికి పరుగెత్తింది.

"సార్, మదీహా ఏ బ్యాచికి మారారు? మళ్ళీ నా పక్కనే కూర్చోమనండి."

"ఇంక రాదమ్మా. బెంగుళూరులో ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కేసింది."

"కోర్సు మధ్యలోనా?"

కామరాజు డస్టరు పక్కన పెట్టారు.

"ఆమె కోర్సు పోయినేడే అయిపోయింది, సర్టిఫికెట్ కోసం వచ్చి నిన్ను చూసి, 'నా లెక్కనే బోర్డు జూసి పరేషానైతుంది సార్, ఉద్యోగంల చేరేదాక పక్కన కూసుంట' అని నీకోసమే వచ్చేది."