ఐతారం బోటి

“నువ్వు పోతే నా ముక్కల సంగతేంది?” జెన్నీ గొంతు తగ్గించి అడిగింది.

క్రాంతి కుమార్ బండి తాళాలు వెతుక్కుంటూ నవ్వాడు. అతను మొయినాబాద్‌లో ఒక మెడికల్ షాపులో పనిచేస్తాడు. తోటి ఉద్యోగి హరీష్‌కు జ్వరం రావడంతో ఈ ఆదివారం డ్యూటీ అతని మీద పడింది.

“ఒక్క రోజు తిను. ఏం గాదు.”

“వాసనకే నాకు కడుపుల తిప్పుతది.”

“అయితే అమ్మకు చెప్పు.”

“ఎట్ల చెప్పాలె? పొద్దుగాల్నుంచి గీకుతనే ఉన్నది పాపం.”

పెరట్లో అత్త మారెమ్మ మేక పేగుల్ని, అదే బోటిని, వేడినీళ్ళలో ముంచి తీసి, కత్తితో గీకుతోంది. ఆమె చేతి బోటి కూరకు ముడిమ్యాల చర్చిలో పెద్ద పేరు. అలాంటి మనిషి ప్రధానం నాడు కాబోయే కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని “బోటి తింటవా బిడ్డా?” అని అడిగింది. మంచి పేరు కొట్టేద్దామని జెన్నీ “బోటంటే నాకు పాణం అత్తమ్మా” అనేసింది. నోరు ఊరుకోవాలి కదా! కాపురానికొచ్చిన మొదటి ఆదివారం నుంచీ ఆ ఇంట్లో బోటే.

ఇన్నాళ్ళూ ఆమెను గట్టెక్కించింది మామగారి ప్రార్థన. స్వామిదాసు సంఘ పెద్ద. మామూలు రోజుల్లో పప్పు ముందు కూర్చుంటే రెండు మాటల్లో ఆమెన్ అనేస్తాడు. ఆదివారం బోటి ముందు మాత్రం ఆయనకు లోకమంతా గుర్తొస్తుంది. వానలు, రోగులు, పాలకులు, బీజాపూర్ రోడ్డు మీద తిరిగే బండ్లు, దేన్నీ వదలడు. అందరూ కళ్ళు మూసుకునే ఆ కాసేపట్లో జెన్నీ తన ముక్కల్ని ఒక్కొక్కటిగా పక్కనున్న మొగుడి పళ్ళెంలోకి దాటించేస్తుంది. ఆమెన్ అనగానే మారెమ్మ పచ్చిపులుసు తేవడానికి వంటింట్లోకి వెళ్తుంది. ఆమె తిరిగొచ్చేసరికి జెన్నీ రొట్టెకు ఇంత పులుసు అద్దుకుని, ముక్కలన్నీ తినేసినట్టు బుద్ధిగా నములుతూ ఉంటుంది.

“కోడలొచ్చినంక నీకు భక్తి పెరిగింది” అని మారెమ్మ మొగుణ్ణి ఆటపట్టిస్తుంది. పాస్టరు గారైతే ఓసారి వాళ్ళింట్లో చల్లారిన కూర తిని మరీ ఆ ప్రార్థనను మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం అరకడుపే అయినా రాత్రికి లోటుండేది కాదు. “బోటి ఒడిసింది బిడ్డా” అంటూ మారెమ్మ కోడిగుడ్డు పులుసు పెట్టేది. జెన్నీ ఆ గిన్నె ఊడ్చేసేది.

ఆరాధన ముగించుకుని ముగ్గురూ ఇంటికొచ్చారు. చాప మీద క్రాంతి చోటు ఖాళీగా ఉంది. మారెమ్మ కోడలి పళ్ళెంలో జొన్నరొట్టె పెట్టి, గరిటెడు బోటి వేసి, దాని మీద ఇంకో గరిటెడు వేసింది.

“వాడు లేడు గద, వాని వాటా గూడ నువ్వే తిను.”

జెన్నీ ఆ కుప్ప వైపు ఓసారి చూసి కళ్ళు మూసుకుంది.

“పరిశుద్ధుడవైన తండ్రీ, అరణ్యంలో మన్నా కురిపించిన దేవా...” స్వామిదాసు అందుకున్నాడు.

జెన్నీ ఓరగా కళ్ళు తెరిచింది. ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మామగారి పళ్ళెం ఎదురుగా, చెయ్యి అందనంత దూరంలో ఉంది. కొంగున మూట కట్టుకుందామంటే ఒంటి మీద చర్చికి కట్టిన తెల్లచీర. ప్రార్థన వానలు దాటింది, దవాఖానలు దాటింది, పాలకుల దగ్గరికొచ్చింది. ఇక అయిపోయినట్టే అనుకుంది. స్వామిదాసు ఓసారి దగ్గి, మళ్ళీ వానల దగ్గర మొదలుపెట్టాడు.

అప్పుడు చూసింది అత్త చేతుల్ని. ఒడిలో జోడించుకున్న ఆ చేతుల వేళ్ళు వేడినీళ్ళకు ఎర్రగా కంది ఉన్నాయి. తను ఆడిన అబద్ధానికి వారం వారం కాలుతున్నవి ఆ చేతులు.

“అత్తమ్మా!”

ప్రార్థన ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆమెన్‌కు ముందు ఎవరూ నోరు తెరవరు.

“నాకు బోటి సయించదు. ప్రధానం నాడు అబద్ధం చెప్పిన. మీరు ఖుషీ అయితరని... ఇన్ని దినాలు నా ముక్కలన్నీ ఆయన పళ్ళెంల ఏస్తున్న.”

మారెమ్మ కళ్ళు తెరిచింది. కోడలి ముందున్న పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నెల చప్పుడైంది. ఇక ఆ మనిషి జన్మలో తనతో మాట్లాడదేమో అనుకుంది జెన్నీ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మారెమ్మ తిరిగొచ్చింది. కొత్త పళ్ళెంలో రొట్టె పెట్టి, పక్కన మూత గిన్నె దించి మూత తీసింది. కోడిగుడ్డు పులుసు. ఎప్పుడో వండింది కాబట్టి నూనె పైకి తేలి ఉంది.

“ఇది ఎప్పుడు వండిన్రు అత్తమ్మా?”

“పొద్దుగాల్నే. బోటి వండిన ప్రతి ఐతారం ఇది గూడ వండుతనే ఉన్న.”

“అంటే... మీకు తెలుసా? మరి పగటిపూటనే ఎందుకు పెట్టలే?”

“నువ్వు నోరు తెరిచి అడగాలెనని చూసిన. మీ అమ్మ దగ్గరైతే మొదటి ముద్దకే వద్దనకపోదువా? నా దగ్గర అననీకె నీకు గిన్ని దినాలు పట్టింది.” మారెమ్మ కందిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

జెన్నీ ఇక ఆగలేకపోయింది. అత్త భుజం మీద తలవాల్చి ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది.

స్వామిదాసు ఎట్టకేలకు ఆమెన్ అని, చెంబెత్తి గటగటా నీళ్ళు తాగాడు. తువ్వాలతో మూతి తుడుచుకుని, కోడలి వైపు చూసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“ఇగ నువ్వు ముక్కలు మార్చేదాక ప్రార్థన సాగదీసే పని తప్పింది బిడ్డా నాకు.”