సారు తిన్న లడ్డూ

"సారూ, ఒక్కటి నోట్ల ఏస్కోర్రి," అంటూ కమలవ్వ స్టీలు డబ్బా మూత తీసింది. చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో గ్రూప్స్‌కి చదువుకుంటున్న పిల్లలంతా పుస్తకాల మీంచి తలలెత్తారు.

ఆమె కొడుకు వెంకటేశ్ కంగారుగా సారు వైపు చూశాడు. తనకు ఉద్యోగం వచ్చిందంటే జగదీశ్వర్ సారు చలవే. పైసా పుచ్చుకోకుండా రెండేళ్లు బయాలజీ చెప్పాడు. ఆ సారు చక్కెర, బెల్లం ముట్టి ముప్పై ఏళ్లయింది.

"అమ్మా, సారు తీపి తినరే," అని గొణిగాడు.

"నాకెర్కే తీ. నువ్వూకో."

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ఆయన. నారాయణగూడ నుంచి నడిచే వస్తాడు. లైబ్రరీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంటే కుర్రాళ్లు వెనక ఆయాసపడతారు. ఔరా అనుకోనివాడు లేడు. రహస్యమేంటని అడిగితే ఒకటే మాట. "ఒంట్ల కణానికి జర ఆకలి, జర కష్టం తెల్వాలెరా. అప్పుడే దాని రిపేర్లు అది చేసుకుంటది. చక్కెర పోసుకుంటపోతే పని బంద్ వెట్టి జల్ది ముసలిదైతది." ఉద్యోగం వచ్చిన ప్రతివాడూ స్వీటు డబ్బాతో వచ్చాడు, ప్రతివాడికీ దండం పెట్టి పంపాడు. సొంత మనవరాలి పెళ్లిలో కూడా తన విస్తట్లో తీపి వడ్డించనివ్వలేదు, మహానుభావుడు.

కమలవ్వ చెయ్యి చాచే ఉంది. పత్తి ఏరి ఏరి గీరుకుపోయిన చెయ్యి.

"కోడి కుయ్యకముందే లేసి మినుములు ఇసిరి చేసిన సారూ. మీరు తినకపోతే నా పానం ఊకోదు."

వెంకటేశ్ నేలచూపులు చూశాడు. వద్దంటే అమ్మ మొహం చిన్నబోతుంది. తింటే సారు ముప్పై ఏళ్ల పట్టు ఇక్కడే పోతుంది.

సారు లడ్డూ అందుకున్నాడు. మొత్తం తిన్నాడు. వేళ్లకంటిన పిండి కూడా వదల్లేదు.

"ఇంత తియ్యటి లడ్డూ నా జన్మల తినలేదమ్మా," అన్నాడు.

వెంకటేశ్‌కి కళ్లు నిండాయి. ఎంత గొప్ప మనిషి, కాళ్లకు మొక్కినా తప్పులేదు అనుకున్నాడు.

కమలవ్వ మొహం మాత్రం పాలిపోయింది. గబుక్కున ఇంకో లడ్డూ తీసి కొరికింది. నమిలింది. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు.

"పరేషాన్ చేసిన్రు గద సారూ. ఇందుల బెల్లమేడిది, మీకోసమని ఒట్టి పిండి, నెయ్యితోటే చేస్తి."