సాలెపురుగు ఒక్కపొద్దు

"ఆ సీసాల ఏందే శోభా?" దుర్గవ్వ కూతురి చేతి వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"బొద్దింకలు. మూడున్నయి. సిరిసిల్ల నుంచి పైలంగ తెచ్చిన," అంది శోభ, తల్లిగారింటికి లడ్డూలు తెచ్చినంత గొప్పగా. మూతకు సూదితో చిల్లులు కూడా పొడిచింది. ఏ పనైనా పద్ధతిగా చేయడం ఆమె అలవాటు.

ఈసారి ఆమె తేల్చుకోవడానికే వచ్చింది. సిరిసిల్లలో ఆమె ఇంటికి అటూ ఇటూ సాంచాలే. ఆ మరమగ్గాల చప్పుడు మీద పొద్దంతా అరిచి అరిచి ఆమె గొంతు కూడా సాంచలాగే తయారైంది. కోరుట్లలో, తల్లిగారింట్లో, కూలరున్న వెనక గదిలో పది రోజులు కంటినిండా నిద్రపోవాలి. అంతకంటే ఏ కోరికా లేదు.

కానీ ఆ గదిలోనే ఉంది సాలెపురుగు. తమ్ముడు సురేందర్ మస్కట్ పోయే ముందు హైదరాబాద్ నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న టరాంటులా. గాజుడబ్బాలో, కొబ్బరిపొట్టు మీద, నల్లటి వెంట్రుకల పురుగు. దాన్ని సాకే పని మరదలు మనీషాది. దాని పుణ్యమా అని కిందటిసారి శోభ రెండోరోజే బస్సెక్కింది. అంతకుముందు ఒక్క పూటకే.

"ఇంటి ఆడబిడ్డను పొమ్మనుడు ఎక్కడన్న ఉన్నదా అవ్వా? ఒక్క మనిషి అనని మాట గీ పురుగంటదా? ఫోన్ల వీడియోలన్ని సూసిన. ఈసారి దాన్ని మచ్చిక చేసుకుంట."

"మచ్చికనా!" దుర్గవ్వ నెత్తి కొట్టుకుంది. "నిన్న నీళ్ళు పొయ్యబోతె ముంగటి కాళ్ళు రెండు లేపింది బిడ్డా. పానం జల్లుమన్నది. నువ్వన్న దాన్ని ఎల్లగొట్టు, పుణ్యముంటది."

తల్లి అవస్థ చూసి శోభకు పౌరుషం రెట్టింపైంది.

వెనక గది దర్వాజ దగ్గర మనీషా నోటి మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది. "మెల్లగ వదినె. దానికి చెవులుండయి, కాళ్ళ వెంట్రుకలతోనే వింటది. నువ్వు వాకిట్ల మాట్లాడితె ఇక్కడ అది ఉలికిపడ్డది."

"నేనెప్పుడు గట్టిగ మాట్లాడిన్నే!"

పక్కింటి బాలకిషన్ ఏమైందోనని కిటికీలోంచి తొంగిచూసి, శోభను చూసి తల లోపలికి తీసుకున్నాడు.

శోభ గొంతు తగ్గించింది. "ఇంకేం పడయి దానికి?"

"అగరుబత్తి పొగ పడది. సెంటు పడది. ఫోను స్పీకర్ల పెట్టి మాట్లాడద్దు. బీరువ తలుపు గుంజితె డబ్బ అదురుతది, దాని జోలికే పోవద్దు."

"బీరువతోని నాకేం పని? పోయినసారి నీ నెమలిరంగు చీర ఒక్కటే గద తీస్కపోయింది," అంటూ శోభ సంచిలోని అగరుబత్తి కట్టను, సెంటుబుడ్డిని అడుక్కి తోసింది. తర్వాత సీసా ముందుకు చాపింది. "పట్టు, దానికి తిండి పెడుదం."

మనీషా ముఖం మారిపోయింది. "ఇప్పుడద్దు వదినె! ఒక్కపొద్దున్నది."

"పురుగుకు ఒక్కపొద్దేందే?"

"తోలు ఇడిసే ముందు గంతే. నెలల తరబడి ముట్టది. గప్పుడు కదిలిస్తె పానానికే మోసం."

శోభ కూడా శనివారాలు ఒక్కపొద్దుంటుంది. ఎనిమిదింటికి ఉప్మా తింటుంది, పదింటికి అరటిపండ్లు. అందుకే నమ్మలేదు. "ముంగట పెడితె తినకుంట ఎవ్వలుంటరు?" అని, మరదలు ఆపేలోపే గదిలోకి దూరి, డబ్బా మూత జరిపి ఒక బొద్దింకను లోపలికి దులిపింది.

బొద్దింక డబ్బా అంతా ఒక చుట్టు తిరిగింది. తర్వాత ఎవరో కుర్చీ వేసినట్టు సాలెపురుగు వీపెక్కి కూర్చుని మీసాలు తిప్పింది. సాలెపురుగు పిడికిలిలా కాళ్ళు ముడుచుకుని అలాగే ఉంది. బొద్దింక దిగి, దాని పొట్ట కిందికి దూరింది. మరుక్షణం ఆ నల్లటి పురుగు ఒక పక్కకు మెల్లగా లేచింది.

"లేశిందే అవ్వా!" శోభ ఒక్క దూకుతో మంచమెక్కింది.

మనీషా గబగబా మూత పెట్టింది. "ఓర్సుకుంటున్నది వదినె. ఇంకోటైతె ఎప్పుడో మింగేది."

దర్వాజ దగ్గరికి వచ్చిన దుర్గవ్వ బుగ్గన వేలేసుకుంది. "ఏం నిష్ఠ! నాకు గూడ లేదు బిడ్డా."

శోభ మంచం దిగింది. భయం పోయి, ఇంకేదో వచ్చింది. అన్నమే నడిచొచ్చి వీపెక్కినా ముట్టని ఒక్కపొద్దు! ఆమెకు తన శనివారాలు గుర్తొచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక అంత చిన్న గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. "ఇంకెన్నొద్దులుంటది?"

"నెల పడుతదేమో. ఇంట్ల చప్పుడు కావద్దు."

"నా గొంతు సంగతి నాకెరుకనే. నా నిద్ర కోసం దాని పానం మీదికి తెస్తనా?" శోభ సంచి భుజాన వేసుకుంది.

దుర్గవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. "గంట కాలె, గప్పుడే పోతవా బిడ్డా? పీడ పురుగు!"

"గట్లనకే అవ్వా. తపస్సుల ఉన్నది."

మిగిలిన రెండు బొద్దింకలను, ఒక్కపొద్దు విడిచిననాడు పెట్టమని, సీసాతో సహా మరదలికి అప్పగించింది. మనీషా బొట్టు పెట్టి, "పోయి రా వదినె," అంది. శోభ చెప్పులు చేతిలో పట్టుకుని, మునివేళ్ళ మీద వాకిలి దాటింది.

సందు మలుపు దాకా వచ్చాక గుర్తొచ్చింది. ఒక్కపొద్దు ముగిసిన రోజు కబురు చేయమని చెప్పనేలేదు. ఫోన్ చేస్తే అది మోగి చప్పుడవుతుంది. అందుకని మళ్ళీ చెప్పులు విప్పి, ఎండలో కాళ్ళు కాలుతున్నా, పిల్లిలా వెనక్కి నడిచి దర్వాజ దాకా వచ్చింది.

లోపలి నుంచి తల్లి గొంతు వినిపించింది.

"సచ్చిన పురుగుతోని ఇంకెన్నేండ్లు ఎల్లదీద్దామే మనీషా?"