పెరట్లో పిలుపు

సముద్రం ముందుకొచ్చాక దివిసీమలో పాములు ఇళ్ల మధ్యకు చేరాయి. ప్రతి ఇంటి గోడకూ ఒక హెచ్చరిక పెట్టె వచ్చింది. పాము దగ్గరకొస్తే, ఇంటివాళ్లు రికార్డు చేసిపెట్టుకున్న గొంతుతో పెట్టె పలికేది. నాంచారమ్మ ఇంట్లో అది భర్త వీరాస్వామి గొంతు. "నాంచారీ, పెరట్లో పాముంది, అడుగేయమాకు."

రొయ్యల చెరువు గట్టున రక్తపింజర కరిచి వీరాస్వామి పోయాడు. అక్కడ పెట్టె లేదు.

ఆ తర్వాత నాంచారమ్మ పెరడు ఊడవడం మానేసింది. కొబ్బరి మట్టలు పేరుకుని ఎలుకలు చేరాయి, వాటి కోసం పాములూ వచ్చాయి. వీరాస్వామి రోజూ పిలుస్తూనే ఉన్నాడు.

పాకే పసిబిడ్డతో కూతురు సుభాషిణి వచ్చింది. వచ్చిన పూటే పెట్టె పలికింది. ఆమె బిడ్డను చంకనెత్తుకునే పెరడంతా చూసింది.

"అమ్మా, నాన్న గొంతు కోసమేనా ఇదంతా?"

నాంచారమ్మ మర్నాడు పొద్దున్నే మట్టలు కర్రతో లాగి నిప్పు పెట్టింది. పొగకు ఒక పాము జారిపోతుంటే పెట్టె పలికింది. ఆమె ఆగి, ఆ మాట పూర్తయ్యేదాకా విని, మిగిలిన మట్టలు కూడా మంటలో వేసింది.

ఆ తర్వాత పెట్టె పలకలేదు.

"ఇంక పిల్లను కిందికి దించవే," అంది కూతురితో.

బిడ్డ కేరింతలు కొడుతూ పెరట్లో పాకుతుంటే, నాంచారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.