తాళం సీను

మా అత్తగారితో నాకున్న బాధ ఒక్కటే. ఆవిడ మీద నేను వేసే జోకులకి అందరికన్నా గట్టిగా ఆవిడే నవ్వుతారు. నాకు ఆపబుద్ధి కాదు.

నాలుగు రోజులు మరిది ఇంట్లో ఉండి వద్దామని, అతను తెచ్చిన కారులో అందరం బయల్దేరాం. తలుపుకి తాళం వేశాను.

"వదినా, ఒక్కసారి అమ్మ తాళం సీను వెయ్యవా!" అన్నాడు మరిది.

అడిగించుకునే మనిషిని కాను. ఇల్లు కదిలినప్పుడల్లా అత్తగారు చేసినట్టే తాళం ఏడుసార్లు లాగాను. నాలుగు మెట్లు దిగి, గుండె పట్టుకుని వెనక్కొచ్చి, ఎనిమిదోసారి లాగాను. మా ఆయన, మరిది మెట్ల మీద కూలబడి నవ్వారు. అత్తగారైతే కళ్లు తుడుచుకున్నారు. తర్వాత తాళం వైపు చూడకుండా కిందికి దిగిపోయారు.

కారు వీధి మలుపు తిరిగింది. నా పక్కన కూర్చున్న అత్తగారి చెయ్యి, కొంగు చాటున, లేని తాళాన్ని లాగుతోంది.

"ఒకసారి లాగి రావాల్సింది కదా అత్తయ్యా?"

"నవ్వుతారు కదమ్మా."

"మీరూ నవ్వుతారుగా!"

"నేను ముందే నవ్వేస్తే మీరు తొందరగా ఆపేస్తారని."

"కారు వెనక్కి తిప్పు" అన్నాను మరిదితో.

"ఎనిమిదిసార్లు లాగావు కదా వదినా!"

"ఆవిడ లాగలేదు."

"మళ్లీ మొదలెట్టావూ!" అని మరిది పగలబడి నవ్వాడు.

"ఇది జోకు కాదు. ఇన్నాళ్లూ నేను చేసింది తప్పు, అత్తయ్యా" అన్నాను, ముందు సీట్లో మా ఆయనకి కూడా వినపడేంత గట్టిగా.